రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య

ఆసుపత్రి లిఫ్టు నడిపే పనికి రాకముందు అతను నూలు మిల్లులో సరుకుల లిఫ్టు నడిపేవాడు. అందులో పత్తి బేళ్ళు ఎక్కేవి, నూలు బస్తాలు దిగేవి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ అతనికి ప్రాణం లేచి వస్తుంది. ఏ బస్తా కూడా అతని మొహంలోకి చూసి, "మా ఆయనకి తగ్గుతుందంటావా మామయ్యా?" అని అడగలేదు.

మిల్లు మూతబడిన ఏడాదే ఈ ఆసుపత్రి తెరుచుకుంది. అప్పుడది రెండంతస్తుల మేడ. ఒక ముసలి డాక్టరు, నలుగురు నర్సులు, వాసనకే సగం జబ్బు పారిపోయే ఫినాయిలు. తరవాత మిషన్లు రావడం మొదలైంది. మిషను వచ్చినప్పుడల్లా దాన్ని పెట్టడానికి ఒక అంతస్తు లేచేది. ఆ అంతస్తు ఖర్చు రాబట్టడానికి ఇంకో మిషను వచ్చేది. దాన్ని పెట్టడానికి మళ్ళీ ఒక అంతస్తు. ఏడో అంతస్తు అయ్యాక పునాది చేతులు జోడించి ఏడ్చిందనీ, ఆ ఏడుపు తను చెవులారా విన్నాననీ, లేకపోతే ఈపాటికి మబ్బుల్లో మందులు అమ్మేవాళ్ళనీ లిఫ్టు మామయ్య చెబుతుంటాడు.

అన్నీ కొత్తవి వచ్చాయి గానీ లిఫ్టు మాత్రం మారలేదు. ఇనప మడత తలుపు, పసుపు బల్బు, మూలన మామయ్య స్టూలు. మధ్యలో తలుపు కాస్త తెరిస్తే చాలు, అలిగిన పెళ్ళాంలా ఉన్నచోటే నిలబడిపోతుంది. కొత్త లిఫ్టు కొనమని మామయ్య ఎన్నిసార్లు మొత్తుకున్నా మేనేజరు వినలేదు.

"అదే డబ్బు పెడితే స్కానింగు మిషను వస్తుందయ్యా. లిఫ్టు ఎక్కినందుకు బిల్లు వేయలేం కదా" అన్నాడు. అన్నాక ఒక్క క్షణం ఆగి, వేయలేమా అన్నట్టు ఆలోచనలో పడ్డాడు. మామయ్య భయపడి అక్కణ్ణుంచి వచ్చేశాడు.

బిల్లు లేకపోవడమే మామయ్య కొంప ముంచింది. ఆ ఆసుపత్రిలో డాక్టరుని రెండోసారి ఒక మాట అడగాలంటే కింద కౌంటరులో మళ్ళీ ఫీజు కట్టి చీటీ తెచ్చుకోవాలి. అలా తెచ్చుకున్నా డాక్టరు నిలబడడు. అందుకని జనం తమ ప్రశ్నలన్నీ లిఫ్టులోకి మోసుకొచ్చేవారు. ఇక్కడ అడగడానికి డబ్బు అక్కర్లేదు, పైగా జవాబు చెప్పవలసిన మనిషి పారిపోవడానికి చోటు లేదు. ఒకాయనైతే ఆ ఆసుపత్రి పేషెంటే కాదు. ఊరికి అవతలి కొస నుంచి రెండు బస్సులు మారి వచ్చి, ఎక్స్‌రే ఫిల్ము తీసి బల్బు ముందు పెట్టమన్నాడు. మామయ్య దాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తలకిందులుగా ఉందని ఆ మనిషికీ తెలియలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఆయన ఊపిరి బిగబట్టి.

"అంతా మంచే జరుగుతుంది బాబూ" అన్నాడు మామయ్య.

అందరికీ అతను చెప్పే మాట అదొక్కటే. సరిగ్గా ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి సరిపడా ఉంటుంది. బస్సు కండక్టరు ముందుకి జరగండి అన్నట్టు, అతను అంతా మంచే జరుగుతుంది అనేవాడు. కండక్టరు మాట ఎవరూ నమ్మి జరగరు. మామయ్య మాట మాత్రం నమ్మేవారు. ఎందుకంటే డాక్టర్లు లిఫ్టులో మామయ్యని కూడా స్టూలు కింద లెక్కగట్టి, ఏ పేషెంటు సంగతి ఏమిటో అతని నెత్తి మీదే మాట్లాడుకుంటారని ఆసుపత్రి అంతటికీ తెలుసు. మామయ్యకి వైద్యం ఓనమాలు కూడా రావు. కానీ ఎవరు బతుకుతారో ఎవరు బతకరో రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. పని ఇచ్చిన రోజే మేనేజరు వేలు చూపించి చెప్పాడు.

"లిఫ్టులో విన్నది లిఫ్టులోనే. మాట బయటికొచ్చిందంటే నువ్వూ బయటికే."

ఇంటికెళితే అక్కడ ఇంకో బాధ. భార్యకి మోకాలు నొప్పి. ఎక్కువ నిలబడకు, రెండు పూటలా కాపడం పెట్టుకో అని డాక్టరు చెబితే ఆవిడకి అది వైద్యంలాగే అనిపించలేదు.

"అంత పెద్ద ఆసుపత్రిలో ఉండి పెళ్ళానికి ఒక స్కాను తీయించలేవు" అనేది.

"స్కాను తీస్తే నొప్పి పోతుందటే?"

"పోకపోతే అంత డబ్బు ఎందుకు తీసుకుంటారు? ఊరికే తీసుకుంటారా?"

ఈ ప్రశ్నకి జవాబు మేనేజరు దగ్గరా ఉండదు. అక్కడ ప్రశ్నలు, ఇక్కడ ప్రశ్నలు. రోజూ కాపడం గిన్నె స్టవ్వు మీద పెడుతూ మామయ్య పళ్ళు నూరుకునేవాడు.

ఇలా ఉండగా కుట్టుపని అమ్మాయి వచ్చింది.

అమ్మాయి అంటే మరీ చిన్నదేం కాదు, నలభైకి దగ్గర్లో ఉంటుంది. బజారులో చిన్న కుట్టు దుకాణం. ఈమధ్యే ఎంబ్రాయిడరీ మిషను ఒకటి కొనుక్కుంది. వాళ్ళ నాన్న ఇళ్ళకి రంగులు వేసే పెయింటరు. జీవితమంతా రంగులూ సున్నమూ పీల్చి, అవి చాలనట్టు సిగరెట్లూ పీల్చి, ఇప్పుడు మూడో అంతస్తులో మొహానికి గాలి మాస్కు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. మొదట్లో నాలుగు రోజుల్లో ఇంటికి పంపేస్తామన్నారు. నెల తిరిగింది. రోజూ మందుల సంచీతో లిఫ్టు ఎక్కడం, బిల్లు కాగితంతో దిగడం.

"బాబాయ్, నాన్న ఇవాళ కళ్ళు తెరిచి చూశాడు" అనేది ఒకరోజు.

"బాబాయ్, ఇవాళ మళ్ళీ మత్తుగా ఉన్నాడు" అనేది ఇంకోరోజు.

రెంటికీ మామయ్య ఒకటే జవాబు ఇచ్చేవాడు.

ఆమెకో తమ్ముడున్నాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పని. చచ్చిన ఫోనుని ఏదో ఒక ముక్క మార్చి బతికించడం వాడికి అలవాటు కాబట్టి, మనిషి విషయంలోనూ ఏ ముక్క మార్చాలో వీళ్ళు సరిగ్గా వెతకడం లేదని వాడి అనుమానం. రాత్రంతా ఫోనులో చదివి కొత్త ఇంజక్షన్ ఒకటి పట్టుకున్నాడు. ఊపిరితిత్తుల డాక్టరుని వరండాలో ఆపి, అది ఇవ్వమని అడిగాడు.

"చూద్దాం" అన్నారు డాక్టరు, నడుస్తూనే.

ఈ డాక్టరుకి మామయ్య పెట్టిన పేరు చూద్దాం డాక్టరు. తగ్గుతుందా అంటే చూద్దాం. తగ్గదా అంటే చూద్దాం. టీ తాగుతారా అని నర్సు అడిగినా చూద్దాం. పొద్దున్నుంచి ఆ అంతస్తుకీ ఈ అంతస్తుకీ పరుగులు పెడుతూనే ఉంటారు. చెవి దగ్గర ఫోను ఎప్పుడూ ఉంటుంది.

ఆ సోమవారం చూద్దాం డాక్టరు, ఆయన కింద పనిచేసే చిన్న డాక్టరమ్మ కలిసి లిఫ్టు ఎక్కారు.

"సార్, ఆ పెయింటర్‌గారికి నిజంగా ఆ ఇంజక్షన్ ఇస్తున్నామా?" అంది డాక్టరమ్మ.

"రెండు ఊపిరితిత్తులూ అయిపోయాయమ్మా. దానివల్ల ఒరిగేదేం లేదు."

"మరి ఎందుకు సార్?"

"ఇవ్వకపోతే, ఉన్న మందు ఇవ్వకుండా చంపేశారంటాడు వాళ్ళబ్బాయి. డబ్బు తెచ్చుకుంటామంటున్నారు కదా, ఇద్దాం."

మామయ్య మూడో అంతస్తులో తలుపు తీశాడు. వాళ్ళు దిగిపోయారు. దిగినవాళ్ళకి ఆ మాట అక్కడితో సరి. మామయ్యకే అది గొంతులో చేపముల్లులా అడ్డంపడింది.

రెండు రోజుల తరవాత, మధ్యాహ్నం, కుట్టుపని అమ్మాయి లిఫ్టు ఎక్కింది. తమ్ముడు కూడా ఉన్నాడు. మొహం తేటగా ఉంది ఆమెకి.

"బాబాయ్, ఇంజక్షన్‌కి డబ్బు కుదిరింది. ఎంబ్రాయిడరీ మిషను అమ్మేస్తున్నా. సాయంత్రం వచ్చి పట్టుకెళతారు."

"మిషనా? మరి దుకాణం ఎలా నడుస్తుందమ్మా?"

"నాన్న లేచి తిరిగితే మిషను మళ్ళీ కొనుక్కోవచ్చు. నిన్న రాత్రి మనసు ఆగలేదు. అప్పుడు నీ మాటే గుర్తొచ్చింది. రోజూ చెబుతున్నావు కదా, మంచే జరుగుతుందని. ఊరికే ఎందుకు చెబుతావు, డాక్టర్ల మాట వినే చెబుతావు కదా అనుకుని ధైర్యం చేశా."

మామయ్యకి చెవుల్లోంచి పొగలొచ్చినట్టయింది. ఎవరి మీద కోపమో తేల్చుకోవడం కష్టమైంది. చూద్దాం అనే డాక్టరు మీదా, బిల్లు వేసే మేనేజరు మీదా, ఫోనులో వైద్యం చదివే ఈ తమ్ముడి మీదా, నోటికొచ్చింది వాగిన తన మీదా. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే సాయంత్రానికి ఈమె బతుకుతెరువు రిక్షా ఎక్కి వెళ్ళిపోతుంది.

సరిగ్గా అప్పుడే మొదటి అంతస్తులో గంట మోగింది. తలుపు తీస్తే చూద్దాం డాక్టరు. చెవి దగ్గర ఫోను పెట్టుకుని లోపలికొచ్చారు. లిఫ్టు కదలగానే సిగ్నలు పోయింది. "హలో, హలో" అన్నారు.

లిఫ్టు రెండో అంతస్తు దాటింది. మామయ్య ఎడమ చేత్తో మడత తలుపుని బెత్తెడు జరిపాడు. లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగింది.

"ఏమైందయ్యా?" అన్నారు డాక్టరు.

"ఆగిందండి."

"ఆగిందని నాకూ తెలుస్తోంది. ఎందుకాగింది?"

"చూద్దామండి" అన్నాడు మామయ్య.

ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అన్నట్టు డాక్టరు కళ్ళజోడు మీంచి చూశారు. ఈలోపు కుట్టుపని అమ్మాయి ముందుకి వచ్చింది.

"డాక్టరుగారూ, ఒక్క మాటండి. ఆ ఇంజక్షన్ ఇస్తే మా నాన్న ఇంటికి నడిచి వస్తాడా?"

"చూద్దామమ్మా. ఒంటి తీరుని బట్టి ఉంటుంది."

"చాలామందికి పనిచేసిందని రాశారు సార్" అన్నాడు తమ్ముడు.

"రాసి ఉంటారు."

"అంటే ఇవ్వచ్చంటారా?"

"మీరు ఇవ్వమంటే ఇద్దాం."

"మేమేమన్నా డాక్టర్లమా సార్?"

"కాదు కదా. అందుకే, చూద్దాం."

మామయ్యకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ఇక్కణ్ణుంచి చూడాలంటే ఈ గోడ తప్ప ఏమీ లేదండి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. డాక్టరు గడియారం చూసుకుని, పైన పేషెంటు ఎదురు చూస్తున్నాడు, మేనేజరుకి చెబుతాను జాగ్రత్త అన్నారు. ఇక లాభం లేదు. పెద్ద చదువుల నోరు తెరిపించడం తనవల్ల కాదనుకుని మామయ్య తలుపు లాగి మూశాడు. మీట తిప్పాడు.

లిఫ్టు కదల్లేదు.

మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసి, గట్టిగా తిప్పాడు. పైన ఎక్కడో టప్ మని ఏదో చప్పుడైంది. బల్బు ఒకసారి కళ్ళు మూసి తెరిచింది. అంతే. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి అది నిజంగానే చచ్చిపడింది. మామయ్య అత్యవసర గంట నొక్కాడు. పైనుంచి ఎవరో అరిచారు, మెకానిక్కుకి ఫోను చేశాం, దారిలో ఉన్నాడు, కదలకుండా ఉండండి అని. కదలడానికి అందులో చోటెక్కడుంది?

కొంతసేపు డాక్టరు ఫోను ఎత్తి నాలుగు మూలలా తిప్పి చూశారు. తరవాత జేబులో పెట్టేసుకున్నారు. తరవాత మామయ్య స్టూలు మీద కూర్చున్నారు. ఆయన కూర్చోగా చూడటం మామయ్యకి అదే మొదలు. కూర్చుంటే ఆయనా అరవై దాటిన మనిషేనని తెలుస్తోంది.

"నీళ్ళున్నాయా అమ్మా?" అన్నారు.

ఆమె సంచీలోంచి సీసా తీసి ఇచ్చింది. ఆయన సగం తాగేశారు. పొద్దున్నుంచి తాగలేదేమో.

"సాయంత్రం మా మిషను కొనేవాళ్ళు వస్తారండి" అంది ఆమె మెల్లిగా. "దుకాణానికి అదే ఆధారం. పోతే పోయిందనుకున్నా. ఈ బాబాయ్ కూడా మంచే జరుగుతుందన్నాడు."

డాక్టరు మామయ్య వైపు తిరిగారు. "ఏం చూసి చెప్పావయ్యా?"

"ఏం చూడలేదండి. మీరు చెప్పరు కాబట్టి నన్ను అడుగుతారు. నేను మాత్రం ఏదో ఒకటి అనాలి కదండి."

"తెలియకుండా అలా చెప్పచ్చా?"

"తెలిసింది చెప్పచ్చా అండి? మొన్న సోమవారం ఈ లిఫ్టులో మీరు డాక్టరమ్మతో అన్నది చెప్పమంటారా? నేను చెబితే నా ఉద్యోగం పోతుంది. మీరు చెబితే మీది పోదు."

అక్కా తమ్ముడూ ఇద్దరూ డాక్టరు మొహమే చూస్తున్నారు. ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుకి తుడిచారు. తుడిచిందే తుడిచారు.

"ఆ ఇంజక్షన్ వల్ల మీ నాన్నగారికి ఉపయోగం లేదమ్మా" అన్నారు చివరికి. "ఆయన ఊపిరితిత్తులు తిరిగి రావు. మాస్కు తీస్తే ఆయాసం, పెడితే మత్తు. అలా ఇంకొన్నాళ్ళు ఇక్కడ ఉంచగలను. అంతకుమించి నా చేతిలో లేదు."

ఆమె లిఫ్టు గోడకి ఆనుకుంది. తమ్ముడు మాత్రం ముందుకొచ్చాడు.

"నెల రోజుల్నించీ కట్టించుకుని ఇప్పుడు చేతిలో లేదంటారేంటి సార్?"

"మొదట్లో తగ్గుతుందనే అనుకున్నాం. తగ్గడం లేదని తెలిసేసరికి నువ్వు ఇంజక్షన్ పట్టుకొచ్చావు. ఆ తరవాత నువ్వు నన్ను ఇంజక్షన్ గురించే అడిగావు బాబూ. మీ నాన్న గురించి అడగలేదు."

"అడగడం మాకు తెలీదు సార్. మీరు చెప్పచ్చుగా."

"చెప్పచ్చు" అన్నారు డాక్టరు. "పోయినేడు ఒకళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాను. కౌంటరు అద్దాలు పగలగొట్టారు. ఇన్ని మిషన్లు పెట్టుకుని మనిషిని బతికించలేరా అన్నారు. ఆ మిషన్లు చూపించి రమ్మన్నది మేమే కదా, ఇంక వాళ్ళని ఏమనగలం? ఇంజక్షన్ ఇస్తే ఇంటివాళ్ళు ఊరుకుంటారు, మేనేజరు ఊరుకుంటాడు. అందరూ ఊరుకునే దారి అదొక్కటే ఉంది. నేనూ విసిగిపోయాను."

"మీకు విసుగు సార్. మాకు నాన్న" అన్నాడు తమ్ముడు.

డాక్టరు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంటికి తీసుకెళితే ఏమవుతుంది?" అంది ఆమె.

"గాలి మిషను అద్దెకి దొరుకుతుంది. ఆయాసం, బాధ తెలియకుండా మందులు రాస్తాను. ఎన్నాళ్ళో చెప్పలేను. నీ ఎదురుగా ఉంటాడు."

"ఆయన్ని అడిగారా ఎవరైనా?"

డాక్టరు తల అడ్డంగా ఊపారు.

మెకానిక్కు వచ్చి పైనుంచి చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని మూడో అంతస్తుకి లాగాడు. తలుపు దగ్గర తీగ కాలిపోయిందనీ, మధ్యలో ఎవరో తెరిచి ఉంటారనీ మేనేజరుతో చెప్పాడు. మేనేజరు డాక్టరు వెంట పడ్డాడు. ఈ మనిషేనా సార్ తెరిచింది అని. డాక్టరు నడుస్తూనే "చూద్దాం" అన్నారు. ఆ మాట విని సంతోషించడం మామయ్యకి జీవితంలో అదే మొదటిసారి. ఆ సంతోషం ఎంతోసేపు లేదు. ఎవరు తెరిచినా తలుపు నీదేగా అని మేనేజరు తీగ ఖర్చు అతని జీతంలోంచి కోసేశాడు.

డాక్టరు తిన్నగా పెయింటరు మంచం దగ్గరికి వెళ్ళి, మాస్కు కాస్త జరిపి అడిగారట. పెయింటరు మాట్లాడలేక, వేలితో కూతుర్ని చూపించి, తలుపు చూపించాడట.

మర్నాడు స్ట్రెచరు మీద ఆయన్ని కిందికి దింపారు. అక్క ముందే వెళ్ళి బండి దగ్గర నిలబడింది. తమ్ముడు స్ట్రెచరు పట్టుకుని లిఫ్టులో ఉన్నాడు.

"నీకు ముందే తెలుసు కదా" అన్నాడు మామయ్యతో, మొహం చూడకుండా.

"తెలుసు."

"తెలిసీ, మొన్న కూడా అక్కకి అదే మాట చెప్పావు."

నాలుగు తిట్లు తిట్టినా మామయ్య పడేవాడు. ఆ కుర్రాడు ఇంకేమీ అనలేదు. ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను బాబూ అనడానికి మామయ్యకి నోరు రాలేదు.

పదిహేను రోజులకి ఆమె మందుల కోసం వచ్చినప్పుడు కనిపించింది.

"ఎంబ్రాయిడరీ మిషను ఇంటికే తెచ్చుకున్నా. దాని చప్పుడు భరించలేకపోతున్నానని నాన్న విసుక్కుంటున్నాడు బాబాయ్. సరే అని ఆపేస్తే, ఎందుకాపావు, పని పోదూ అని మళ్ళీ విసుక్కుంటున్నాడు" అంది. నవ్వుతూనే అంది. ఆ తరవాత ఆమె రాలేదు. పెయింటరు పోయాడని మందుల కొట్టు అతను చెప్పాడు.

ఈలోగా లిఫ్టు కథ ఆసుపత్రి దాటి పాకింది. పాకేకొద్దీ పెరిగింది. డాక్టరుని మామయ్య పూట పూటంతా బంధించాడనీ, సగం బిల్లు తగ్గించేదాకా వదల్లేదనీ, అప్పుడు డాక్టరు లిఫ్టులోనే ఒక మనిషిని బతికించాడనీ చెప్పుకున్నారు. జనం లిఫ్టు ముందు బారులు తీరారు. "మా గుండె డాక్టరు ఎప్పుడు ఎక్కుతారు మామయ్యా? కాస్త ఆపవా?" అని ఒకావిడ. "ఎంతివ్వమంటావో చెప్పు" అని ఒకాయన చెవిలో. డాక్టర్లు అది విని మెట్లెక్కడం మొదలుపెట్టారు. జనం కూడా మెట్లెక్కారు. ఆ మెట్ల మీద ఆయాసంతో డాక్టర్లు, ఆయాసంతో రోగుల బంధువులు, ఒకరి వెనక ఒకరు. మామయ్య ఖాళీ లిఫ్టులో కూర్చుని అందర్నీ తిట్టుకునేవాడు.

ఒకరోజు చూద్దాం డాక్టరు మళ్ళీ లిఫ్టు ఎక్కారు. వెంట ఒక ముసలాయన, ఆయన కోడలు. ఇద్దరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. రెండో అంతస్తు దాటగానే డాక్టరు మామయ్య వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"కాసేపు ఆపవయ్యా. వీళ్ళతో మాట్లాడాలి."

మామయ్య ఆపలేదు.

"ఇది మాట్లాడే చోటు కాదండి" అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "ఏడంతస్తులు కట్టారు. నలుగురు కూర్చుని మాట్లాడుకునే గది ఒకటి ఎక్కడా లేదా? వెతకండి. లేకపోతే కట్టమనండి."

డాక్టరు మొహం ఎర్రబడింది. మూడో అంతస్తు వచ్చింది. మామయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. కాసేపు అలాగే నిలబడి, ఆయన దిగారు. ముసలాయనా కోడలూ వెనకే దిగారు.

వరండాలో మొదటి తలుపు తోశారు డాక్టరు. రక్తం తీసే గది, నిండా జనం. రెండోది బిల్లింగు. మూడోది తాళం వేసి ఉంది. ముసలాయన చేతికర్ర టకటకలాడించుకుంటూ వెనకే నడుస్తున్నాడు. నాలుగో తలుపు దగ్గర డాక్టరు ఆగి లోపలికి తొంగి చూశారు. అక్కడ చోటు దొరికిందో లేదో మామయ్య చూడలేకపోయాడు. కింద ఎవరో గంట మీద వేలు పెట్టి తీయడం లేదు.